పిట్టలు దిగిన చోటు

మా బావ వ్యవసాయం గట్టు మీద నిలబడి చేసేవాడు. ఈ మాట నాది కాదు, మా అక్కది. పెళ్ళయిన కొత్తలో ఎవరూ లేనప్పుడు అనేదట. నేను తెనాలిలో విలేకరిగా కుదురుకునే నాటికి, అంటే ఎనభైల మధ్యకి, ఇంటికి వచ్చినవాళ్ళ ముందు కూడా గట్టిగానే అనేది. "మీ బావకి చేలో కంటే గట్టు మీద దిగుబడి ఎక్కువరా" అనేది నాతో. బావ నవ్వి ఊరుకునేవాడు. మాటలు పడటానికి ఆయనకి కావలసినంత ఓపిక ఉంది. కాళ్ళకి బురద పడటానికే లేదు.

వాళ్ళ పొలం అమృతలూరు దాటాక కాలవ పక్కన ఉండేది. నాకేమో సాయంత్రం పూట వార్తల కవరు విజయవాడ బస్సు డ్రైవరు చేతిలో పెట్టటమే ఉద్యోగం, పొద్దున పూట ఖాళీ. అందుకని వారానికి ఒకసారైనా బస్సెక్కి అక్కావాళ్ళ ఊరు వెళ్ళేవాణ్ణి. అక్క టిఫిన్ పెట్టేది, బావ పొలం చూపించేవాడు. ఇస్త్రీ చొక్కా, తెల్ల పంచె, చేతిలో నల్ల గొడుగు. ఆ గొడుగు ఎండకీ వానకీ పట్టగా నేను చూడలేదు. దాన్ని ముందుకు చాపి "అదిగో, అక్కడిదాకా మనదే" అని చూపించటానికి వాడేవాడు.

ఆయన్ని ఒక్కణ్ణే అనటం కూడా అన్యాయమే. మా వైపు పొలం చూడటమంటే గట్టు మీద నడవటమే. పిల్లనివ్వటానికి వచ్చినవాళ్ళు గట్టు మీద నుంచే చూస్తారు. బ్యాంకువాళ్ళు గట్టు మీద నుంచే చూస్తారు. తుఫాను వస్తే నష్టం లెక్క వేసేవాళ్ళు గట్టు మీద నుంచే చూస్తారు, వాళ్ళ వెనక నడిచే మా పత్రికలవాళ్ళమూ అంతే. చేను లోపల ఏముందో తెలిసింది ఇద్దరికే. ఒకరు కలుపు తీసే ఆడవాళ్ళు. రెండోది పిట్టలు.

బావకి ఒక కోరిక ఉండేది. నీలం చీటీ. విత్తనాల కోసం పండించిన వడ్లని ఆఫీసరు వచ్చి చూసి, చేలో కలుపు గానీ వేరే రకం గానీ లేవని ఒప్పుకుంటే, ఆ సంచుల మూతికి నీలం రంగు చీటీ కుట్టి అమ్ముతారు. మా బావ పెదనాన్న కొడుకు, ఊళ్ళో చిన్నా పెద్దా అందరూ అన్నగారు అని పిలిచే ఆయన, అంతకు ముందు సంవత్సరమే ఆ చీటీ సంపాదించాడు. ఆయన పొలం, బావ పొలం పక్కపక్కనే. మధ్యలో ఒక్కటే గట్టు. అన్నగారు మాట్లాడేది తక్కువ, చేలోకి దిగేది ఎక్కువ. అదే బావకి నచ్చేది కాదు.

ఆ వేసవిలో బావ రేపల్లెలో చుట్టాల పెళ్ళికి వెళ్ళాడు. పెళ్ళివారి వరండాలో విత్తనాల సంచులున్నాయి, వాటికి నీలం చీటీలు. "మీ అన్నగారి చేలో పండినవేనంట బాబాయ్, మొలక బ్రహ్మాండంగా ఉందంట" అన్నాడట పెళ్ళికొడుకు తమ్ముడు. బావ ఆ పెళ్ళిలో భోజనం సరిగ్గా చెయ్యలేదని అక్క చెప్పింది. రెండోసారి గారెలు వడ్డించడానికి వచ్చినా వద్దన్నాడంటే ఆలోచించుకోవచ్చు.

తిరిగొచ్చాక "రేపల్లె నుంచి బాపట్ల దాకా వచ్చే ఏడు నా వడ్లే మొలుస్తాయి" అని ప్రకటించాడు. అక్క వంటింట్లోంచి బయటికొచ్చి ఒక్క మాట చెప్పింది.

"సరే. ఈసారి మీకు ఆ చీటీ వస్తే నేనింక మీ సాగు గురించి నోరెత్తను. రాకపోతే మాత్రం పొలం అన్నగారికి కౌలుకిచ్చేద్దాం."

"మా అన్నకా?"

"గట్టు ఎలాగూ ఒకటేగా. మీకు నడక మారదు."

బావ నా వైపు చూశాడు. నేను గోడ మీద క్యాలెండరు వైపు చూశాను. అలా కుదిరింది ఒప్పందం. పుట్టి బుద్ధెరిగాక తన చెయ్యి కింద ఉన్న పొలం అన్న చేతికి పోవటమా, నీలం చీటీ రావటమా. బావ ఆ సంవత్సరమంతా అదే పట్టుకుని తిరిగాడు.

కలుపు మందులు మా వైపుకి అప్పుడప్పుడే వస్తున్నాయి. తెనాలి పురుగుమందుల కొట్లో బావకి ఒక సీసా చూపించారు. నాట్లేసిన కొద్ది రోజులకే ఇసకలో కలిపి నీళ్ళలో చల్లితే చాలు, గడ్డి మొలవదన్నారు. బావకి ఆ మందు మహా నచ్చింది. అది గట్టు మీద నుంచి చల్లగలిగిన వ్యవసాయం. తను కాదనుకోండి, తన మనిషి చల్లుతుంటే తను గొడుగుతో చూపించవచ్చు.

చల్లించిన రోజున టీకొట్టు దగ్గర అందరూ వినేట్టు అన్నాడు. "ఇంక ఈ ఊళ్ళో కలుపు తీసేవాళ్ళ కోసం కాచుక్కూచునే పని లేదు. మందు యుగమొచ్చింది."

ఆ మాట సాయంత్రానికి ఊరి చివర కూలీల పల్లెకి చేరింది. మా వైపు కలుపు తీసే ఆడవాళ్ళు చాలామంది లూథరన్ చర్చి కుటుంబాలవాళ్ళు. వాళ్ళ ముఠాకి ఒక పెద్దావిడ ఉండేది. అందరికీ పెద్దమ్మ. ఎవరి చేలోకి ఎప్పుడు దిగాలో ఆవిడ నిర్ణయించేది. ఆవిడ బావ ఇంటి ముందు నుంచి పోతూ అరుగు దగ్గర ఆగింది.

"బాబుగారండి, మాకు ఈ ఏడు మీ చేలో పని లేదన్నారంట?"

"మందు చల్లానమ్మా, పెద్దమ్మా. ఏమనుకోకు."

"అనుకునేదేముందండి. మేం కొల్లూరు లంకల్లో కూరగాయలోళ్ళకి మాటిచ్చేసుకుంటాం. తర్వాత మీరు పిలిచినా మాకు కుదరదని ముందే చెప్పిపోదామని."

"నేనెందుకు పిలుస్తానమ్మా?"

"అదీ నిజమేనండి" అని వెళ్ళిపోయింది.

ఆ మందుకి ఒక షరతు ఉంది. చల్లాక నీళ్ళు నాలుగు రోజులు కదలకుండా నిలవాలి. సీసా మీద రాసి ఉంది, కొట్టువాడూ చెప్పాడు. బావ గట్లన్నీ చుట్టి చూశాడు. గట్టు పైన బ్రహ్మాండంగా ఉంది. గట్టు కింద ఎండ్రకాయ తవ్విన బొరియ పైనుంచి కనపడదు కదా. రాత్రికి రాత్రి నీళ్ళు, నీళ్ళతోపాటు మందు, అన్నగారి చేలోకి వెళ్ళిపోయాయి. అన్నగారు పొద్దున్నే వచ్చి, తన చేలో నీళ్ళు పెరిగి ఉండటం చూసి, దిగి, చేత్తో తడిమి బొరియ పూడ్చాడు. పూడ్చినట్టు బావకి కబురు కూడా పంపాడు. అప్పటికి మా చేను ఎండుతోంది. మందు బావది, పొలం అన్నగారిది. ఆ సంవత్సరం అన్నగారి చేలో కలుపు ఎంత తక్కువగా వచ్చిందో ఊరంతా చెప్పుకున్నారు.

మా చేలో ఊద మొలిచింది. ఊద గురించి తెలియనివాళ్ళకి చెప్పాలంటే, అది వరి వేషం వేసుకునే గడ్డి. వరి మధ్యలో, వరి రంగులో, వరి ఎత్తులో పెరుగుతుంది. వెన్ను వేసేదాకా గట్టు మీద నిలబడ్డవాడికి పట్టుబడదు. బావకి మాత్రం చాలా రోజులు చేను అంత ఒత్తుగా ఉండటం చూసి ఆనందంగా ఉండేది. "చూశావా, ఎంత పిలకేసిందో!" అని నాకు చూపించేవాడు. నేను కూడా గట్టు మీదవాణ్ణే. బాగుందన్నాను.

తర్వాత వరి ఇంకా పొట్ట మీద ఉండగానే ఊద వెన్ను వేసింది. వరి కంటే ముందు ఈనటం, వరి కంటే జానెడు పైకి లేవటం దాని అలవాటు. ఒక సోమవారం నేను వెళ్ళేసరికి పచ్చటి చేను మీద అక్కడక్కడా ఊదారంగు కుచ్చులు ఊగుతున్నాయి. బావ గొడుగు చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. దేన్నీ చూపించటం లేదు.

కుచ్చుల వెనకే పిట్టలొచ్చాయి. కాలవ గట్టున తాటిచెట్ల మీద నుంచి గిజిగాళ్ళు, ఇళ్ళ వైపు నుంచి పిచ్చుకలు, ఇంకా పేరు తెలియని చిన్న పిట్టలు గుంపులు గుంపులుగా మా చేలో దిగేవి. అన్నగారి చేను మీదుగా ఎగిరొచ్చి మరీ మా చేలో దిగేవి. దీనికి బావ కనిపెట్టిన కారణం ఊళ్ళో చాలా రోజులు నడిచింది.

"గింజలో పాలు పోసుకోకముందే పిట్టలు పసిగట్టినయ్యంటే మా వరి ఎట్లాంటిదో చూసుకోండి. మా అన్న చేను మీద ఒక్కటి వాలదేం?"

అన్నగారు ఆ మాట విని "అవునురా" అన్నాడట. అంతే. ఆయన ఇంకో మాట అని ఉంటే ఈ కథ లేదు. కానీ ఆయన అడిగితే తప్ప చెప్పే మనిషి కాదు, బావ అడిగే మనిషి కాదు.

పిట్టల్ని తోలటానికి బావ చేసిన ఏర్పాట్లు చూడటానికి పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చారు. తెనాలిలో మైకు సెట్టు అద్దెకిచ్చే కొట్టు నుంచి పాత క్యాసెట్లు తెచ్చాడు. అన్నీ ఎన్నికల ప్రసంగాలే. గెలిచినవాళ్ళవీ ఉన్నాయి, ఓడినవాళ్ళవీ ఉన్నాయి. వాటి రీలు లాగి చేను ఈ చివర నుంచి ఆ చివరకి కర్రలకి కట్టించాడు. గాలి వీస్తే రీలు ఎండలో మెరుస్తూ జుమ్మని మోగేది. జనాన్ని పోగుచేయడానికి పుట్టిన రీలు పిట్టల్ని చెదరగొట్టడానికైనా పనికొచ్చిందని నేనంటే బావకి నచ్చలేదు. ఆయన పార్టీ క్యాసెట్లు కూడా అందులో ఉన్నాయి.

గాలి లేనప్పటికి ఇంకో ఏర్పాటు. పెద్దమ్మ మొగుడు ముసలాయన ఒకడుండేవాడు, పొలాలకి కాపలా కాసేవాడు. ఆయన్ని గట్టు మీద కూచోబెట్టి, ఖాళీ నూనె డబ్బా, ఒక కర్ర ఇచ్చాడు. పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా వాయించాలి. ఇక మూడోది దిష్టిబొమ్మ. చేను నడిమధ్యలో వెదురు బొంగుకి గడ్డి చుట్టి, బావ పాత ఇస్త్రీ చొక్కా తొడిగి, చేతికి ఊచలు విరిగిన నల్ల గొడుగు తగిలించారు. దూరం నుంచి చూసి నేనే ఒకసారి చెయ్యి ఊపాను.

ఇంతలో కబురొచ్చింది. విత్తనాల ఆఫీసరు సోమవారం పొద్దున వస్తున్నాడని. శుక్రవారం తెలిసింది. ఊదారంగు కుచ్చులు అప్పటికి గోధుమరంగుకి తిరుగుతున్నాయి.

బావ పల్లెకి వెళ్ళి పెద్దమ్మని పిలిచాడు. నేను పక్కనే ఉన్నాను. ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు, వెంటనే కాదనలేదు. చుట్టూ కూచున్న ఆడవాళ్ళందరినీ చూసి "మందు యుగం అయిపోయిందంటమ్మా" అంది. అందరూ కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

"ఊద పీకటానికి ఇప్పుడు వల్లకాదు బాబుగారండి. చేను తొక్కేస్తే వరి పడిపోద్ది. వెన్నులు కోసేస్తాం. శనివారం ఒక్కరోజు వస్తాం."

"ఒక్కరోజులో అయిపోద్దా?"

"ఎంతవరకు అయితే అంతవరకు."

శనివారం వచ్చారు. కొడవళ్ళతో ఊద వెన్నులు తెంపి ఒళ్ళో వేసుకుంటూ నడిచారు. బావ గట్టు మీద నుంచి గొడుగు చాపి "గట్టు పక్క మొదలెట్టండమ్మా, ముందు గట్టు పక్క" అన్నాడు. పెద్దమ్మ తలెత్తి చూసింది.

"లోపలిదో?"

"లోపలికి ఎవడొస్తాడమ్మా, బూట్లేసుకుని?"

వాళ్ళు ఆయన చెప్పినట్టే నాలుగు గట్ల వెంట కోసుకుంటూ లోపలికి జరిగారు. సాయంత్రానికి దిష్టిబొమ్మ దగ్గరిదాకా రాలేకపోయారు. బొమ్మ చుట్టూ ఇంత మేర అలాగే మిగిలింది. వెళ్ళేముందు ఒక పడుచుపిల్ల బొమ్మని, బావని మార్చి మార్చి చూసి, "పెద్దమ్మా, అచ్చం బాబుగారే. కాకపోతే ఈయన చేలోకి దిగాడు" అంది. గట్టు మీద నవ్వని వాడు ఒక్కడే.

ఆదివారం మా బావ చర్చి ప్రహరీ పక్కన మోపెడ్ ఆపుకుని నిలబడ్డాడు. లోపల పాటలు అయ్యాయి, ప్రసంగం అయ్యింది, మళ్ళీ పాటలు మొదలయ్యాయి. చివరికి తెల్లచీరలతో ఆడవాళ్ళు బయటికొచ్చారు. పెద్దమ్మ బైబిలు చంకలో పెట్టుకుని, ఈయన్ని చూసి ఆగింది.

"ఏంటి బాబుగారండి, బాప్తిస్మానికొచ్చారా?"

"ఆ నడిమధ్యది మిగిలిపోయిందమ్మా. మధ్యాన్నం ఒక్క పూట..."

"ఆదివారం కొడవలి పట్టమండి. మీకు తెలియందేముంది?"

"పోనీ రేపు తెల్లారగట్ల."

"రేపు లంకల్లో పని. మాటిచ్చేశాం. మీకు చెప్పే ఇచ్చాం. మంగళవారం వస్తాం."

"సోమవారం సారొచ్చి పోయాక మంగళవారం ఎందుకమ్మా?"

"అదీ నిజమేనండి" అని వెళ్ళిపోయింది.

బావ ఇంటికొచ్చి, కాసేపు ఆలోచించి, స్థిమితపడ్డాడు. చేను చుట్టూ శుభ్రంగా ఉంది. మధ్యలో ఉన్నది గట్టు మీదికి ఆనదు, పైగా గోధుమరంగు చొక్కా వేసుకున్న బొమ్మ అడ్డం. ఆఫీసరన్నవాడు గట్టు దిగటం తను పుట్టాక చూడలేదు. ఈ లెక్కలో తప్పేమీ లేదు. నాకూ సరిగ్గానే తోచింది. అక్క మాత్రం "కొబ్బరి బొండాలు దింపించారా?" అని అడిగింది. చేలో ఏమున్నా ఇంటికొచ్చిన మనిషికి మర్యాద జరగాలని ఆవిడ పట్టుదల. ఆ విషయంలో బావ ఆవిడ కంటే నాలుగాకులు ఎక్కువే.

సోమవారం ఆఫీసరు బాపట్ల నుంచి రైల్లో తెనాలి వచ్చి, అక్కడ నుంచి బస్సులో వచ్చాడు. యాభై దాటిన మనిషి, బక్కగా, కళ్ళజోడు, భుజానికి గుడ్డసంచి, కాళ్ళకి నల్ల బూట్లు. బావ బూట్లు చూసి నాకు కన్ను గీటాడు. గట్టు ఎక్కారు. బావ ముందు, గొడుగుతో. ఆఫీసరు వెనక. ఆయన వెనక నేను. ముసలాయన డబ్బా వాయిస్తున్నాడు. ఎన్నికల ప్రసంగాలు జుమ్మంటున్నాయి. నాలుగు వైపులా తిరిగారు. ఆఫీసరు రెండు మూడు చోట్ల వంగి వరి వెన్ను పట్టుకుని చూశాడు, వదిలేశాడు. అన్నగారు పక్క గట్టున నిలబడి నమస్కారం పెట్టాడు.

"బాగుందండి" అన్నాడు ఆఫీసరు, చేతి గడియారం చూసుకుంటూ. "ఊద ఎక్కడా కనపడలేదు. నేను రాసేస్తానులెండి. మధ్యాన్నం బండి అందుకోవాలి, వస్తాను మరి."

అక్కడితో అయిపోయింది. నీలం చీటీ వచ్చేసినట్టే. మా బావ చెయ్యాల్సిందల్లా చేతులు జోడించి, మోపెడ్ స్టార్టు చెయ్యటం. కానీ మా వైపు, వెళ్తానన్న మనిషిని వెంటనే వెళ్ళనివ్వటం కంటే పెద్ద అమర్యాద ఇంకోటి లేదు.

"అదేంటి సార్! మా చేలోకొచ్చి గొంతు తడుపుకోకుండా పోతారా?"

"వద్దండి, టైమైంది."

"ఒక్క బొండమండి. మా ఇంట్లో తెలిస్తే నన్ను బతకనిస్తదా?"

ఆయన వద్దంటున్నాడు, ఈయన రెక్క పట్టుకుని లాక్కెళుతున్నాడు. గట్టు మీద తాటాకు పందిరి కింద మంచం వేసి, దాని మీద దుప్పటి పరిచి ఉంది. ఆఫీసరు కూచోక తప్పలేదు. బొండం కొట్టి చేతికిచ్చారు. ఆయన రెండు గుక్కలు తాగి, డబ్బా మోతకి మొహం చిట్లించాడు. బావ అది చూశాడు. అతిథి మొహం చిట్లిస్తే చూసి ఊరుకునే మనిషి కాదాయన.

"ఆపవయ్యా ఆ మోత!"

ముసలాయన చెయ్యి పైనే ఉంచి అడిగాడు. "ఆపమంటారా బాబుగారండి?"

"ఆపు."

"ఆపేదేనా?"

"సారు నీళ్ళు తాగుతుంటే చెవుల దగ్గర ఏంటయ్యా అది? ఆపమంటే అర్థం కాదా?"

ముసలాయన కర్ర డబ్బా మీద అడ్డంగా పెట్టి, తలపాగా విప్పుకుని మొహం తుడుచుకున్నాడు. అప్పుడే గాలి కూడా పడిపోయింది. రీళ్ళు వేలాడబడ్డాయి. అన్ని రోజుల తర్వాత ఆ చేలో మొదటిసారి ఏ చప్పుడూ లేదు. ఆఫీసరు హాయిగా ఇంకో గుక్క తాగాడు.

ముందు ఒకటి వచ్చింది. చేను మీద ఒక చుట్టు తిరిగి, దిష్టిబొమ్మ పక్కన దిగింది. తర్వాత పది వచ్చాయి. ఆ తర్వాత కాలవ గట్టు తాటిచెట్ల మీద ఉన్నవన్నీ ఒక్కసారిగా లేచి, అన్నగారి చేను దాటి, మా చేను చుట్టూ శుభ్రంగా ఉన్న మేరంతా దాటి, సరిగ్గా నడిమధ్యలోకి, చెంబులో నీళ్ళు పోసినట్టు దిగిపోయాయి.

ఆఫీసరు బొండం దించాడు.

"పిట్టలు అక్కడే దిగుతున్నాయేంటండి?"

"మా వడ్ల రుచి అట్లాంటిదండి" అన్నాడు బావ.

"మీ వరి ఇంకా ఈనుతోంది కదండి. గింజలో పాలే లేవు, రుచెక్కడిది?"

బావ గొడుగు ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చుకున్నాడు.

"పక్క చేను కూడా ఈ రకమేగా? అక్కడ ఒక్కటీ వాలలేదేం?"

"ఆయన మనిషే అట్లాంటోడండి. పిట్టలు కూడా పోవు."

ఆఫీసరు బొండం మంచం కోడు పక్కన జాగ్రత్తగా నిలబెట్టి, వంగి బూట్ల లేసులు విప్పటం మొదలుపెట్టాడు. బావ గొడుగు అడ్డం పెట్టాడు.

"వద్దు సార్, పాములుంటాయి!"

"పాములుంటే పిట్టలు దిగవండి."

ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చేలోకి దిగి, వరిని రెండు చేతులతో పాయలు తీసుకుంటూ, తొక్కకుండా నడిచాడు. బొమ్మ దగ్గరికి వెళ్ళేసరికి పిట్టలు లేచాయి. ఆయన వంగి లేచాడు. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో గుప్పెడు ఊద వెన్నులున్నాయి. గింజ సగం రాలిపోయి ఉంది. వాటిని మంచం మీద, తెల్ల దుప్పటి మీద పెట్టి, కాలవలో కాళ్ళు కడుక్కుని, బూట్లు తొడుక్కుని, మిగిలిన కొబ్బరినీళ్ళు కూడా పూర్తిగా తాగాడు.

"నీళ్ళు బాగున్నాయండి. మీ వరి కూడా బాగుంది" అన్నాడు లేస్తూ. ఒక క్షణం ఆగి, "తినడానికి" అన్నాడు.

తిరుగు బస్సులో ఆయన, నేను పక్కపక్కనే కూచున్నాం. తెనాలి దగ్గరపడ్డాక ఆయనే అన్నాడు. "మీ బావగారు చాలా మర్యాదస్తులండి. ఆ బొండం ఇవ్వకపోయుంటే నేను రాసేసి వెళ్ళిపోయేవాణ్ణి. నా బండి కూడా అందేది."

ఆ వారం నేను మళ్ళీ వెళ్ళేసరికి అక్క అడిగింది ఒక్కటే. "సారు బొండం పూర్తిగా తాగాడా?" తాగాడని చెప్పాను. "పోన్లే, మర్యాదన్నా జరిగింది" అంది. అరుగు మీద బావ నన్ను పక్కకి పిలిచాడు.

"మన పేపర్లో ఒక వార్త వెయ్యాలయ్యా. పిట్టల బెడద. రైతుకి నష్టం."

"పిట్టలు ఎంత తిన్నాయి బావా?"

"తినటం కాదు. చెప్పేశాయి."

అది వార్తగా వెయ్యటం కష్టమని చెప్పాను. పత్రికలంటే ఆయనకి అప్పుడు పోయిన గౌరవం మళ్ళీ రాలేదు.

కోతలయ్యాక పొలం అన్నగారికి కౌలుకి వెళ్ళింది. ఒప్పందం ప్రకారమే. కాగితం రాసుకునేటప్పుడు అన్నగారు "నీకేమన్నా అభ్యంతరమా రా?" అని అడిగితే, బావ "గట్టు మీద తిరగనిస్తావుగా" అన్నాడట. ఆ మాట అన్నప్పుడు నవ్వలేదని అక్క చెప్పింది. చెప్తూ తను కూడా నవ్వలేదు. అప్పుడప్పుడూ మా అక్కకి కూడా తన నోటి మీద కోపం వచ్చేది.

రాలిన ఊద గింజలు మరుసటి ఏడు దండిగా మొలిచాయి. అన్నగారు రెండుసార్లు దమ్ము చేయించి, బొరియలన్నీ పూడ్చి మందు చల్లి, అది చాలక పెద్దమ్మ ముఠాని మూడు విడతలు దింపాడు. తనూ దిగాడు. రెండు చేలకీ కలిపి విత్తనాల ఆఫీసరుకి అర్జీ పెట్టాడు. వచ్చింది ఆ బక్క ఆఫీసరే. ఈసారి గట్టు ఎక్కకముందే బూట్లు విప్పేశాడు.

నేను వెళ్ళేసరికి బావ ముందే ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, గొడుగు, మోపెడ్‌కి ముందు కట్టిన కొబ్బరి బొండాల గెల. అన్నగారు "ఎందుకురా, సారుకి టైమవుద్ది" అంటున్నా వినలేదు. ఆఫీసర్ని మంచం మీద కూచోబెట్టాడు. బొండం చేతిలో పెట్టాడు. తర్వాత ముసలాయన వైపు తిరిగాడు. ముసలాయన ఆ సంవత్సరం అన్నగారి తరఫున డబ్బా వాయిస్తున్నాడు.

"ఆపు."

"ఆపేదేనా బాబుగారండి?"

"ఆపేదే."

డబ్బా ఆగింది. అన్నగారు గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పెద్దమ్మా, ఆవిడ మనుషులూ అవతల గట్టున సద్దిమూటలు విప్పబోతూ ఆగారు. ఆఫీసరు బొండం పట్టుకునే కళ్ళజోడు సర్దుకున్నాడు. మా బావ తలెత్తి, తాటిచెట్ల వైపు, మనిషి కోసం చూసినట్టు చూశాడు. ఆ చూపులో ఏం కోరుకున్నాడో నేను రాయను. ఆ గట్టు మీద అందరికీ తెలుసు.

పిట్టలు లేచాయి. గుంపుగా వచ్చాయి. చేను మీద ఒక చుట్టు తిరిగాయి, రెండో చుట్టు తిరిగాయి. దిగటానికి వాటికి ఏమీ కనపడినట్టు లేదు. చాలావరకు కాలవ దాటి అవతలికి పోయాయి. ఒక నాలుగైదు మాత్రం అలసిపోయాయో ఏమో, నడిమధ్యలో ఉన్న దిష్టిబొమ్మ మీద వాలాయి. అన్నగారు పాత బొమ్మని పారెయ్యటం ఎందుకని దాన్నే మళ్ళీ పాతించాడు. రెండు భుజాల మీద, రెండు గొడుగు మీద, ఒకటి తల మీద. బావ చొక్కా మీద కూచుని ఈకలు సర్దుకున్నాయి.

అవతల గట్టు నుంచి పెద్దమ్మ గొంతు వినపడింది. "పోనీలెండి బాబుగారండి, మిమ్మల్ని గుర్తుపట్టినయ్!"

అన్నగారు కూడా నవ్వాడు. అంతకుముందు ఆయన నవ్వగా నేను చూడలేదు. ఆఫీసరు నీళ్ళు తాగి, కాగితం మీద సంతకం పెట్టి, బండి అందుకున్నాడు.

సంచులు కుట్టేరోజున బావ మిల్లు దగ్గరికి వెళ్ళి, అడిగి, మిగిలిన నీలం చీటీ ఒకటి తెచ్చుకున్నాడు. దానికి చిల్లు పొడిచి మోపెడ్ తాళానికి కట్టుకున్నాడు. ఆ తర్వాత ఎవరింటికి వెళ్ళినా ముందు ఆ తాళం బల్ల మీద, చీటీ పైకి కనపడేట్టు పెట్టేవాడు. రేపల్లెలో ఆ చుట్టాలింటికి మేమిద్దరం వెళ్ళినప్పుడు కూడా అలాగే పెట్టాడు. పెళ్ళికొడుకు తమ్ముడు దాన్ని చేతిలోకి తీసుకుని చూశాడు.

"ఇది మీ పొలానిదా బాబాయ్?"

"మా పొలానిదే" అన్నాడు బావ. అది నిజమే. వాళ్ళు గారెలు తెచ్చారు. ఆయన రెండోసారి కూడా వేయించుకున్నాడు.